అరగని బూట్లు

మార్చి 4

అమ్మ చీలమండ విరగ్గొట్టుకుంది. మెట్ల మీద కాదు, తడి నేల మీద కాదు. చదునైన హాల్లో, ఫోన్లో నాతో మాట్లాడుతూ, చెప్పు కోసం వెనక్కి తిరిగి చూడకుండా కాలు వేసి. ఆ చప్పుడు నాకూ వినిపించింది. ఊళ్ళో విరిగిన చీలమండలన్నిటి వెనకా పడి తిరగడం నా ఉద్యోగం. ఇంట్లో కూడానా? గోరుచుట్టు మీద రోకటిపోటు.

మార్చి 5

మా ఆసుపత్రి పెద్ద డాక్టరే ఆపరేషన్ చేశారు. ప్లేటు, స్క్రూలు. ఎక్స్‌రే చూశాను, ఎముక చక్కగా కుదిరింది.

అంతా బాగానే ఉంది అనుకునేలోపు ఆయన వార్డుకొచ్చి, నా ఎదురుగానే, మన స్టడీలో చేరతారా అని అమ్మని అడిగారు. నేను వద్దన్నాను. నేను కోఆర్డినేటర్ని, మా అమ్మే పేషెంటయితే ఏం బాగుంటుంది? మీరు ఆవిడ వివరాల జోలికి రాకుండా ఉంటే చాలు, ఫోన్లు జూనియర్ చేస్తుంది, స్టడీలకి అనుమతిచ్చే కమిటీని అడిగాను, ఒప్పుకున్నారు అన్నారు. నాకు చెప్పకుండా కమిటీని అడిగేశారు! ఈలోగా అమ్మ సంతకం పెట్టేసింది. కాగితం చదివావా అంటే, నీ స్టడీయే కదే, చదవడమెందుకు అంది. చదవకుండా ఎవరూ సంతకం పెట్టకూడదని రోజూ అందరికీ చెప్పేది నేనే. ఆ కాగితం ముందు కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివించాను. మధ్యలో రెండుసార్లు కునికింది.

మార్చి 6

స్టడీ చిన్న విషయమే. చీలమండకి ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకే కాలు కింద పెట్టి నడిస్తే మంచిదా, ఆరు వారాలు ఆగితే మంచిదా? కొందరు డాక్టర్లు నడవమంటారు, కొందరు ఆగమంటారు. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళు మూడే కాళ్ళంటారు. అందుకని వచ్చిన పేషెంట్లని కంప్యూటర్ చీటీ తీసినట్టు రెండు గుంపులు చేస్తుంది. నడిచేవాళ్ళకి గట్టి బూటు, ఆగేవాళ్ళకి కట్టు. వారం వారం ఫోన్ చేసి ఎంత నడిచారో, నొప్పి ఎలా ఉందో అడుగుతాం. చివర్లో ఎవరి కాలు బాగుందో కొలుస్తాం.

అమ్మ ఏ గుంపులో పడిందో నాకు తెలియకూడదు. మంచిది. మరి ఆ బూటు ఎవరింటికి వస్తుంది?

మార్చి 7

మా ఇంటికే వచ్చింది. నడిచే గుంపు.

మార్చి 19

ఆసుపత్రిలో ఫిజియో అమ్మాయి దగ్గరుండి నడిపిస్తే కడ్డీ పట్టుకుని అటూ ఇటూ బుద్ధిగా నడిచిందట. ఇంటికొచ్చాక సోఫా ఎక్కింది. దిగాల్సొస్తే చంక కర్రల మీద గెంతుతోంది, బూటు కాలు గాలిలో పెట్టుకుని. నేలంటే అంటరాని వస్తువేదో అయినట్టు.

నేనేమీ అనకూడదు. పక్కనుండి నేను నడిపిస్తే మిగతా పేషెంట్లకి లేని లాభం అమ్మకొస్తుంది, లెక్క తప్పుతుంది. ఆ రూలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాలిక కొరుక్కుని కూర్చున్నాను. మా ఆయన మాత్రం హాయిగా టీవీ చూస్తూ, అత్తయ్యగారూ మీరు లేవకండి, ఏం కావాలో నాకు చెప్పండి అంటున్నారు. ఈయన్ని ఏం చేయాలి?

మార్చి 21, సాయంత్రం

మా జూనియర్‌ని అందరం చిలక అంటాం. ప్రశ్నలు ఒక్క అక్షరం తేడా రాకుండా అప్పజెబుతుంది. ఇవాళ అమ్మకి ఫోన్ చేసింది. నేను వంటింట్లో ఉన్నాను. వినకూడదు. కానీ చెవులు మూసుకుని కూర కోయడం నా వల్ల కాదు.

నిన్న ఎంతసేపు నడిచారు అని చిలక. ఓ, చాలాసేపు తల్లీ, పొద్దున్న ఇల్లంతా, సాయంత్రం వరండా అంతా అని అమ్మ. నొప్పి ఉందా? కొంచెం ఉంది కానీ ఓర్చుకుంటున్నాను, మీరు చెప్పారు కదా. అబ్బ, ఏం ఓర్పు! నేను బయటికి వచ్చి చూస్తే బూటు కాలు దిండు మీద ఉంది. దిండుకి గలీబు కూడా కొత్తది.

మార్చి 22

అమ్మని అడగలేదు. అడగకూడదు. అడగలేదు. అడగలేదు.

మార్చి 24

అడిగేశాను. గ్రూపు గురించి కాదు, స్టడీ గురించి కాదు, మనిషిగా అడిగాను. ఎందుకమ్మా అబద్ధం చెప్తావు అని.

అమ్మకి కోపం రాలేదు. నెమ్మదిగా చెప్పింది. కాలు కింద పెడదామనుకుంటే ఆ చప్పుడు చెవిలో వినిపిస్తుందట. టప్‌మని. మళ్ళీ విరుగుతుందేమోనని ఒళ్ళు చల్లబడుతుందట. ఆ మాట చిలకతో చెప్పొచ్చు కదా అన్నాను. చెప్తే నీ తల్లే నీ స్టడీలో తప్పిందని పదిమందీ అనుకోరూ అంది. నేను తల పట్టుకున్నాను. ఎలా చెప్పాలి ఈవిడకి, ఇందులో పాసూ ఫెయిలూ లేవని? చెప్పాను. బాగా అర్థమైనట్టు తల ఊపింది. అలా తల ఊపిందంటే ఒక్క ముక్క ఎక్కలేదన్నమాట.

మార్చి 28

మళ్ళీ చిలక ఫోన్. ఈసారి అమ్మ గేటు దాకా నడిచింది, మాటల్లో.

ఏప్రిల్ 1

పెద్ద డాక్టరు గదిలో మీటింగ్. సగంలో లెక్కలు చూసే బయటి కమిటీ నుంచి కబురొచ్చింది. రెండు గుంపులకీ ఏ తేడా లేదట. ఇలాగే ఉంటే స్టడీ కొనసాగించడం దండగ, ఆపేద్దామా అని అడుగుతున్నారు. ఆయన మొహం వాడిపోయింది. ఆయన ముందే నడిపించాలనే పక్షం. అయినా నిజాయితీగా, తేడా లేకపోతే లేదనే రాద్దాం, అదీ ఒక జవాబే కదా అన్నారు. మంచి మనిషి. విసుగొచ్చేంత మంచి మనిషి.

 నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. నడిచినవాళ్ళకి లాభం లేదని రాస్తాం సరే. నడిచినవాళ్ళెవరు?

ఏప్రిల్ 2

స్టోరు గదికి వెళ్ళాను. పేషెంట్లు తిరిగిచ్చిన బూట్లన్నీ కడిగి అక్కడే పెడతారు. అడుగులు తిప్పి చూశాను. ఒక్కొక్కటీ. కడిగితే మట్టి పోతుంది, అరిగిన గీతలు పోవు కదా. కొన్ని బాగా అరిగాయి, మడమ దగ్గర రబ్బరు లేచిపోయి. మిగతావి, అంటే చాలా భాగం, షాపులోంచి తెచ్చినప్పటిలా ఉన్నాయి. చారలు పదును పదునుగా.

నేల మీద బూట్ల మధ్య కూలబడ్డాను. స్టోరు ఆయన వచ్చి ఏం పోయింది మేడమ్ అన్నాడు. పరువు పోయింది అనబోయి, ఏం లేదులే అన్నాను.

ఏప్రిల్ 3

స్టడీలో ఉన్న ఒక బస్సు డ్రైవరు చెకప్‌కి వచ్చాడు. నడిచే గుంపు. అతని దగ్గర ప్రతి వారం అరగంట నడిచాననే జవాబు తీసుకున్నది నేనే. ఇవాళ పెన్ను పక్కన పెట్టి అడిగాను, నిజంగా నడిచారా అని. నేలచూపులు చూశాడు. చివరికి చెప్పాడు. వాళ్ళావిడ కాలు కింద పెట్టనిస్తే కదా. మరి నాకెందుకలా చెప్పారు అంటే, మీరు అంత ఓపిగ్గా ఫోన్ చేసి అడుగుతారు మేడమ్, లేదంటే మీ మొహం చిన్నబోతుందని అన్నాడు.

ఫోన్లో నా మొహం ఎక్కడ కనిపించింది నాయనా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతమంది, ఇన్ని వారాలు, నన్ను నొప్పించకూడదని నా పని మొత్తం ముంచారు. తిట్టిపోద్దామంటే ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు.

ఏప్రిల్ 4

చెప్పకపోతే ఏమవుతుంది? స్టడీ ఆగిపోతుంది. ముందే నడిచినా ఒకటే, ఆగినా ఒకటే అని అచ్చవుతుంది. దేశదేశాల్లో డాక్టర్లు చదువుతారు. నడవగలిగిన వాళ్ళని కూడా ఆరు వారాలు కూర్చోబెడతారు.

చెప్తే? ఎలా తెలిసిందని అడుగుతారు. బూట్లు చూపిస్తాను. బూట్లేం సాక్ష్యం, ఎవరో కార్పెట్ మీద నడిచారేమో అంటారు. డ్రైవరు ఒక్కడే కదా అంటారు. కళ్ళారా రోజూ చూసింది ఒక్క మనిషినే. ఆ మనిషి పక్క గదిలో గురక పెడుతోంది.

ఏప్రిల్ 6

చెప్పేశాను. పెద్ద డాక్టరు మొదట అరిచారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు అని. మీ ప్రోటోకాల్ నన్ను అడగొద్దంది అని నేనూ అరిచాను. ఆయన దగ్గర అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. చిలక తలుపు సందులోంచి చూసి మాయమైంది.

తర్వాత అమ్మ సంగతి చెప్పాను. మా అమ్మ ఇంట్లో ఒక్క అడుగు కూడా వేయలేదు సార్, వేశానని చెప్తోంది, నేను రోజూ చూస్తున్నాను అన్నాను.  ఆయన స్టోరు గదికి వచ్చి, నాతో పాటు నేల మీద కూర్చుని, బూట్లన్నీ తిప్పి చూశారు. బయటి కమిటీకి నేనే రాస్తాను అన్నారు. ఆపొద్దని అడుగుతారట. కొత్త పేషెంట్ల బూట్లలో అడుగులు కొలిచే యంత్రం పెడదామన్నారు. ఫోన్లో ముందుగా, నడవకపోయినా తప్పేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పండి అనే మాట చేర్చమన్నారు. చిలక అప్పుడే బట్టీ పట్టడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ 7

అమ్మకి చెప్పాను. చెప్పక తప్పదు. ఇంకెవరో చెప్తే ఇంకా ఘోరం.

ముందు నమ్మలేదు. నా పేరే చెప్పావా అంది. నీ పేరే చెప్పానన్నాను. ఇక చూడాలి. కన్నకూతురివి, పెద్ద డాక్టరు ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు, ఆ మనిషి నా కాలు బాగుచేశాడు, రేపు ఆయన మొహం ఎలా చూడను, నీ కోసం కాకపోతే నాకెందుకే ఈ స్టడీలూ బూట్లూ, నీ ఇంట్లో ఇంకొక్క గంట ఉండను అని. నేనూ తగ్గలేదు. నీ ప్రేమ చాలమ్మా, కాస్త నిజం కావాలి నాకు అన్నాను. అనకూడని మాట. 

అమ్మ లేచి తన గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది.

మా ఆయన నా భుజం తట్టారు. వదిలెయ్యండి, నాకు ఓదార్పు అక్కర్లేదు అన్నాను. ఓదార్పు కాదు, అటు చూడు అన్నారు. చంక కర్రలు రెండూ సోఫాకి ఆనించి ఉన్నాయి.

ఏప్రిల్ 8

నాతో మాటల్లేవు. కానీ గదిలో టక్ టక్‌మని బూటు చప్పుడు. తలుపు బయట నిలబడి విన్నాను. ఎంతసేపు నిలబడ్డానో, ఆఫీసుకి ఆలస్యమైంది.

ఏప్రిల్ 10

ఇవాళ గేటు దాకా వెళ్ళొచ్చింది, గోడ పట్టుకుని. నేను చూడనట్టు నటించాను. నేను చూశానని తెలియనట్టు ఆవిడ నటించింది. ఇంకా మాట్లాడలేదు.

ఏప్రిల్ 11

అమ్మ గేటు దాకా వెళ్ళొచ్చి చెమట తుడుచుకుంటుంటే చిలక ఫోన్ చేసింది. నడవకపోయినా తప్పేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పండి అంది. ఒక్క అడుగు కూడా వేయలేదు తల్లీ అని అమ్మ పెట్టేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. నాలుగు రోజుల తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది. నేను నడవట్లేదని నువ్వు పెద్దాయనకి చెప్పొచ్చావు కదే, ఇప్పుడు నడుస్తున్నానంటే నా కూతురి మాట ఏం కావాలి అంది.