వెచ్చగా ఉంచిన పాలు

చెల్లెలు కెంజెగుల్‌కి,

పెద్దక్క బూబూసారా దీవించి రాస్తున్నది. అల్లా దయవల్ల నేనూ, మీ బావా, నీ కొడుకు ఎర్మెక్ బాగున్నాం. మోకాలి లోతు మంచు పడింది. గొర్రెలు దొడ్డి దాటడం లేదు. నీ ఉత్తరం సోమవారం పోస్టు బండిలో అందింది. నీ పక్క మంచం ఆవిడకు నయమై ఇంటికి వెళ్ళిందని రాశావు. సంతోషం. ఆ క్షయ ఆస్పత్రి గేటు దాటి నువ్వూ అలాగే వస్తావు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. నాలుగోది అడగలేదు, చెప్పావు. ఎర్మెక్‌ను నాకే ఇచ్చేస్తానని, నీ భర్త సగిన్ కూడా ఒప్పుకున్నాడని, ఇక వాడు నా కొడుకేనని. దానికి జవాబు చివర రాస్తాను. ముందు నువ్వడిగినవి.

వాడికి ఎనిమిదో నెల వచ్చింది. కింద రెండు పళ్ళు. కూర్చోబెడితే కూర్చుంటాడు, తర్వాత నెమ్మదిగా ఎడమకి ఒరిగిపోతాడు. మీ బావ టోపీ కనిపిస్తే లాక్కుని నోట్లో పెట్టుకుంటాడు. నీ జబ్బు తగిలిందేమోనని వాడికి మళ్ళీ పరీక్ష చేయించాం. ఏమీ లేదన్నారు.

ఊళ్ళో ఇన్ని ఆవులుండగా డబ్బాపాలెందుకని మీ అత్తగారు అడుగుతున్నారన్నావు. మన పక్కింటి తుర్సున్ వదినదీ అదే మాట. రోజూ గోడ మీదుగా చెబుతూనే ఉంటుంది, తన ఆవు పాలు తాగి నలుగురు పెరిగారని. నేను సీసాలూ పీకలూ గిన్నెలో వేసి మరిగిస్తుంటే చూసి, "పిల్లాణ్ణి పెంచుతున్నావా బూబూసారా, మందుల కొట్టు పెట్టావా?" అంది. ఏడాది నిండేదాకా ఆవుపాలు తాగించవద్దని నర్సు చెప్పిందని చెప్పాను. "నర్సుకి ఆవుందా?" అని అడిగింది. లేదని ఒప్పుకున్నాను. మీ అత్తగారికీ నర్సు మాటే చెప్పు. ఆవు సంగతి ఎత్తకు.

పాలు ఎలా నిలవ చేస్తున్నావు, ఎలా వెచ్చబెడుతున్నావు అన్నావు. నిలవ చెయ్యడం లేదు. ఈ చలికాలం కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, ఫ్రిజ్‌ను నమ్మలేను. వసారా చల్లగానే ఉంటుంది కదా అని ఒకసారి సీసా అక్కడ పెడితే గడ్డకట్టింది. ఇంకో రోజు అదే చోట ఎండ పడి వెచ్చగా ఉంది. అందుకని వాడికి ఆకలైనప్పుడే కలుపుతాను. నీళ్ళు బాగా తెర్లనిచ్చి దింపి, పొగలు తగ్గాక, ఇంకా వేడిగా ఉండగానే పొడి వేస్తాను. చల్లారిన నీళ్ళలో వెయ్యకూడదు, పొడిలో ఉన్న పురుగు చావదట. పొడి చెంచాతో కొలిచి, చాకు వెనకతో చదును చేస్తాను. కుప్పగా పోస్తే పిల్లవాడికి దాహం పెరుగుతుంది, తక్కువ వేస్తే కడుపు నిండదు. మూతపెట్టి గిలకరించి, చన్నీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి చల్లారుస్తాను. మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుంటే ఏమీ తెలియకూడదు. తెలిసిందంటే వేడి ఎక్కువని.

మీ ఇంటి దగ్గర కరెంటు పోదు కనుక, వాణ్ణి తీసుకెళ్ళాక పనికొస్తుంది, ఇది కూడా రాసి పెట్టుకో. కలిపిన పాలు వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే ఒక్క రోజు ఉంటాయి. తలుపు దగ్గర పెట్టకూడదు. వెచ్చబెట్టాలంటే వేడినీళ్ళ గిన్నెలో సీసా కాసేపు ఉంచడమే. పొయ్యి మీద పెట్టకూడదు. ఒకసారి వెచ్చబెట్టింది మళ్ళీ వెచ్చబెట్టకూడదు. పిల్లవాడు నోరు పెట్టిన సీసా గంటలో ముగించాలి, లేకపోతే పారబొయ్యాలి.

ఈ చివరిది నాకు కష్టంగానే ఉంది. తెల్లనిది నేల మీద పొయ్యకూడదని అమ్మ మనకు చేతిమీద కొట్టి నేర్పింది. పాలు ఒలికితే కాలు పడకుండా మసి గుడ్డతో తుడిచేది. నేను ఇప్పుడు మిగిలింది కుక్కకి పోస్తున్నాను. అది గొర్రెపిల్లంత బలిసింది. మీ బావ దాన్ని "పెద్దోడా" అని పిలుస్తున్నాడు.

ఇక, ఈ సంగతులు నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి. మూడు నెలలుగా ఈ సంగతి నీకు రాయలేదు.

కిందటి అక్టోబరులో కొచ్కోర్‌లో మన చిన్నాన్న సంవత్సరీకపు విందు జరిగింది. ఎర్మెక్‌ను వెంట తీసుకెళ్ళాను. తెల్లవారు నమాజు అయ్యాక రోజంతటికీ సరిపడా పాలు ఒకేసారి కలిపి, గోరువెచ్చగా ఫ్లాస్కులో పోశాను. ఫ్లాస్కుకి ఉన్ని కంబళి చుట్టాను. కనుమ దగ్గర వ్యాను ఆగినప్పుడు ఒక సీసా పట్టాను. మధ్యాహ్నం విందులో ఇంకొకటి. సాయంత్రం అసర్ నమాజు తర్వాత మూడోది. అప్పటికీ పాలు వెచ్చగానే ఉన్నాయి. ఆడవాళ్ళందరూ చూశారు. కన్నతల్లికి కూడా ఇంత ముందుచూపు ఉండదని ఒకావిడ అంది. ఆ మాట నాకు నచ్చింది. కాదనలేదు.

పొద్దు గుంకే వేళకి వాంతులు మొదలయ్యాయి, తర్వాత విరేచనాలు. ఏడుపు ఉన్నంతసేపు నాకు ధైర్యంగానే ఉంది. ఏడుపు ఆగింది. నడినెత్తి మీది మెత్తని చోటు లోపలికి గుంటపడింది. అక్కడి ఆస్పత్రిలో చేర్చాం. చేతికి నరం దొరక్క తలకి సూది పెట్టి సెలైను ఎక్కించారు. మూడు రోజులు.

రెండో రోజు ఉమ్సునాయ్ అనే ముసలి నర్సు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"పెరుగు ఎలా తోడు పెడతావక్కా?" అంది.

బిడ్డ ఆ స్థితిలో ఉంటే పెరుగు గొడవేమిటని నాకు కోపం వచ్చింది. అయినా చెప్పాను. "పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత చల్లారనిచ్చి, తోడు వేసి, కంబళి చుట్టి పెడతాను."

"ఎంతసేపు?"

"పొద్దున పెడితే మధ్యాహ్నానికి అవుతుంది."

"నిన్న ఈ పిల్లాడి పాలు ఎలా తెచ్చావు?"

మంచం కింద కంబళి చుట్టి ఉన్న ఫ్లాస్కు వైపు చూశాను. ఆమే చెప్పింది. "అదే పని చేశావు. తోడు ఒక్కటే నువ్వు వెయ్యలేదు. దానంతట అదే పడింది."

ముప్పై ఏళ్ళుగా పెరుగు తోడుపెడుతున్నాను కెంజె. పాలు వెచ్చగా ఉంచితే అందులో ప్రాణం పుడుతుందని నాకు తెలియనిది కాదు. వెచ్చదనం మంచిదే అనుకున్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు దారికి ఏం చెయ్యాలో ఆమే చెప్పింది. ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు మాత్రమే. పొడి, కొలత ప్రకారం, తడి తగలని చిన్న సీసాల్లో వేరుగా. పిల్లవాడు అడిగినప్పుడు కలపాలి. ఇప్పుడు అలాగే చేస్తున్నాను. రోడ్డు మీద చన్నీళ్ళు దొరక్కపోతే, మూత గట్టిగా బిగించి సీసాని మంచులో దొర్లిస్తే త్వరగా చల్లారుతుంది.

నాలుగో రోజు పొద్దున ఎర్మెక్ కళ్ళు తెరిచి నా స్కార్ఫు అంచు పట్టుకున్నాడు. అప్పటి నుంచి వాడికి జలుబు కూడా లేదు. ఆ వారం నీకు రాసిన ఉత్తరంలో విందు బాగా జరిగిందని, బంధువులు వెళ్ళనివ్వక మూడు రోజులు ఎక్కువ ఉన్నామని రాశాను. అది అబద్ధం. నీకు తెలిస్తే మంచం దిగి వచ్చేస్తావని భయపడ్డాను. అది ఒక కారణం. ఇంకొకటి, వాణ్ణి నా దగ్గర నుంచి తీసుకెళ్తారని.

ఇప్పుడు నువ్వు చెప్పిన మాటకి జవాబు.

అక్క చేతిలో వాడు ఒక్క రోజూ నలతపడలేదు, కాబట్టి వాడు అక్క బిడ్డేనని రాశావు. ఆ ముందు మాట నిజం కాదని ఇప్పుడు నీకు తెలుసు. పిల్లలు లేని అక్కకి చెల్లెలు బిడ్డనివ్వడం మనలో ఉన్నదే, ఎవరూ తప్పనరు. ఆ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని, రెండు రకాతుల నమాజు కృతజ్ఞతగా చదివాను. వాడి పేరు పక్కన తండ్రి పేరుగా మీ బావ పేరు పెట్టి పలికి చూసుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్ళినాడు లేదు.

మర్నాడు మళ్ళీ చదివితే, ఆ పేజీలోనే పైన ఉన్న వాక్యం కనిపించింది. మాత్రలు కడుపులో నిలవడం లేదని, ఈమధ్య చాలా రోజులు వేసుకోకుండా పిడికిట్లో దాచేస్తున్నానని రాశావు. మొదటి రోజు మూడుసార్లు చదివినప్పుడూ ఆ వాక్యం మీదుగానే వెళ్ళాను. నిలబడలేదు. పాల సంగతి తెలియక చేశాను. ఇది అలా కాదు. నన్ను క్షమించమని అడగను, తెలియజేస్తున్నాను.

పిల్లవాణ్ణి నేను తీసుకోను. నువ్వు ఇస్తున్నది బతకాలనుకుని కాదు.

నువ్వు వచ్చేనాటికి వాడికి ఏడాది దగ్గర పడుతుంది. నిన్ను చూసి ఏడుస్తాడు. నా పావడా పట్టుకుని వెనక్కి తిరుగుతాడు. కొన్నాళ్ళు అలాగే ఉంటుంది, నువ్వు ఓర్చుకోవాలి. నేనూ ఓర్చుకోవాలి. నీ కఫం పరీక్ష బాగుందని డాక్టరు చెప్పిన రోజు నుంచి వాడికి పాలు నువ్వే కలపాలి.

వాంతులవుతున్నాయని డాక్టరుతో నోరు విప్పి చెప్పు. వేరే వేళకి మారుస్తారో, వేరే మందు ఇస్తారో వాళ్ళు చూస్తారు. మాత్రలు నర్సు ఎదురుగా మింగి, నోరు తెరిచి చూపించు. చిన్నపిల్లలా ఉందని సిగ్గుపడకు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రతి నమాజులోనూ బిడ్డని అడిగాను. అడిగే వయసు దాటిపోయినా ఆ మాట నాలుకకి అలవాటై ఉండిపోయింది. ఈ మంగళవారం నుంచి ఆ చోట నీ మాత్రలు నీ కడుపులో నిలవాలని అడుగుతున్నాను. మొదటి రెండు రోజులు తడబడ్డాను. ఇప్పుడు తిన్నగానే వస్తోంది.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దక్క,
బూబూసారా