గని దిగనివాని సలహా

చిరంజీవి తమ్ముడు ప్రకాశమునకు అన్న ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు కృప వలన ఇక్కడ నేనూ, అమ్మాయి కరుణా క్షేమం. నీ దగ్గు ఎలా ఉన్నది? మరదలు రూతమ్మ, నీ కొడుకు సామ్యేలు కుశలమని తలుస్తాను. తేదీ, స్థలం లేని ఉత్తరాన్ని నా విద్యార్థుల వద్ద నేనెన్నడూ అంగీకరించలేదు. దీనిని ఎన్ని దినాలుగా వ్రాసి చింపుతున్నానో! ఏ తేదీ వేయాలో తెలియక వదిలివేశాను.

జర్మనీకి వచ్చి ఎనిమిది నెలలైనా చలి అలవడలేదు. కరుణ ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి వెళ్తే సాయంత్రం వరకు తెలుగు మాట వినిపించదు. రొట్టెతో నాలుక మొద్దుబారింది. వీలైతే మరదలి చేతి మామిడికాయ తొక్కు పంపు. అయినా నాకేమీ లోటు లేదు, బెంగపడవద్దు.

వచ్చే వారం కరుణ నన్ను రెండు రోజులు సాల్జ్‌బర్గ్ తీసుకొనిపోతానన్నది. అది ఆల్ప్స్ పర్వతాల అంచున, ఆస్ట్రియా దేశంలోని పురాతన నగరం. మొదటి రోజు కొండమీది కోట, పెద్ద చర్చి, నదీతీరం చూడాలని నేనే పట్టిక వేశాను. రెండవ రోజు సంగతి కరుణ చెప్పింది: ఊరి దగ్గర కొండ లోపల పాత ఉప్పు గని ఉన్నదట. టిక్కెట్టు కొన్నవారికి పనివారి దుస్తులు తొడిగి లోపలికి పంపుతారట. నున్నని కొయ్య జారుడుబల్లపై జనం నవ్వుతూ కిందికి జారుతారట.

వినగానే బయటనే కూర్చుంటానన్నాను.

"భయమా బాపూ?"

"మోకాళ్ల నొప్పి."

"జారెతందుకు మోకాళ్లెందుకే?" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపింది. "గోదావరిఖనిల పదిహేనేండ్లు పాఠాలు చెప్పినవ్. ఒక్కనాడన్న బొగ్గుబాయిల దిగినవా? ఆటకు సుత దిగనోనివి, సామ్యేలు సదువు బంద్ చేసి బాయిల చేరాలెనని ప్రకాశం కాకకు ఎట్ల రాసినవ్?"

నీవు కూడా ఎన్నిసార్లు పిలువలేదు! "పర్మిషన్ నేనిప్పిస్త, ఒక్కసారి దిగి చూడే అన్నా. తెల్లధోతికి మసంటుతదనా?" అనేవాడివి. ప్రతిసారీ పరీక్షాపత్రాలు దిద్దాలన్నాను. అది అబద్ధం. గని నోటి నుండి వచ్చే గాలి తగిలితేనే భయపడి వెనక్కి తిరిగేవాడిని.

ఊపిరితిత్తులు పరీక్షించి డాక్టర్లు నీవు గని పనికి తగవన్నారు. నీ ఉద్యోగంలో సామ్యేలును చేర్చాలా, బి.ఎ. పూర్తిచేయనివ్వాలా అని నీవడిగితే, "అన్నం పెట్టిన పనిని కాలదన్నరాదు" అని పెద్దరికంతో వ్రాశాను. అన్నం పెట్టినది పని కాదు, నీవు. చిన్నవాడివై ఉండి నీవు బెల్లంపల్లి బొగ్గుబాయిలో చేరినందువల్లనే నేను ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేశాను.

ఆ సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. సామ్యేలు మనసులోని మాట సామ్యేలునే అడుగు. చదువుతానంటే ఇల్లు గడిచే మాట నాకు వదిలిపెట్టు; నా పింఛను అక్కడే బ్యాంకులో ఉన్నది. ఆ ఉప్పు గనికి వెళ్తాను. దిగగలనో లేదో తెలియదు.

చర్చి పెద్దలకు నా వందనాలు చెప్పి, నా కొరకు ప్రార్థించమను.

నీ అన్న

మరొక మాట. మొన్నటి నా ఉత్తరాన్ని వాకిట్లో అందరి ముందర చదివించి, అన్న మాటే ఖాయమని చెప్పినట్లు వ్రాశావు. దీనిని కూడా అదే వాకిట్లో, సామ్యేలు చేతనే, గట్టిగా చదివించు. 'అది అబద్ధం' అన్నచోట వాడు గొంతు తగ్గిస్తే, మళ్లీ చదవమను.