నా చేతి వాసన

14 ఆగస్టు 2006
మోకాలు ఇక పరుగుకు పనికిరాదని దవాఖానాలో తేల్చేశారు. పర్ణశాల దారిలో వాగు దాటుతూ పడ్డప్పుడే నాకు తెలుసు. డాక్టర్ అదే సంగతి ఇంగ్లిష్‌లో చెప్పాడు, అంతే. పరిగెత్తలేని హ్యాండ్లర్‌కు పోలీసు కుక్కను ఉంచరు. వచ్చే నెల నుంచి నేను స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్‌ని. డాలీని కొత్త హ్యాండ్లర్ ప్రభుకు అప్పగించాలి.

నాలుగేళ్లు. పిల్లప్పుడు నా యూనిఫాం చొక్కాలో చుట్టి బస్సులో భద్రాచలం తెచ్చాను. దారి పొడుగునా చొక్కా తడిపింది.

నేను ఏడవలేదు. మంగ్లి ఏడ్చింది. మోకాలు విరిగిన మొగుడి కోసం కాదు, కుక్క కోసం.

16 ఆగస్టు
ఎస్సై సార్ పిలిచారు. నవంబర్‌లో ఖమ్మంలో ఒబీడియన్స్ ట్రయల్స్, పోలీసు కుక్కలు మాట వింటాయో లేదో చూసే పరీక్ష. డాలీ ప్రభుతో పాసవ్వాలి, లేకుంటే డాగ్ స్క్వాడ్ నుంచి తీసేస్తామన్నారు. తీసేస్తే ఎవడో తీసుకుపోయి గేటుకు కట్టేస్తాడు. పని లేకపోతే అది మనేదతో పోతుంది.

మిగతావన్నీ ఎవరు చెప్పినా చేస్తుంది. చిక్కంతా సెంట్ డిస్క్రిమినేషన్‌లోనే. పది చెక్కముక్కలు వరసగా పెడతారు. హ్యాండ్లర్ అరచేతిలో పట్టుకున్నది ఒక్కటే. దాన్ని వాసనపట్టి తేవాలి. డాలీ ఇంతవరకు తెచ్చినవన్నీ నా ముక్కలే. ఒక్కసారి తప్పలేదు.

2 సెప్టెంబర్
ప్రభుది పినపాక. ముప్పై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. డాలీకి గిన్నె పెట్టేముందు కూడా కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు. వాడి మీద కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాను. రావడం లేదు.

ఈరోజు వాడి ముక్క పెట్టాం. డాలీ పదీ వాసన చూసి, దేన్నీ ముట్టకుండా, గ్రౌండ్ బయటున్న నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏందన్నా గిట్ల చేస్తుంది అన్నాడు ప్రభు. నాకు లోపల సంతోషం. సిగ్గులేని సంతోషం.

19 సెప్టెంబర్
ఇవాళా తేలేదు.

25 సెప్టెంబర్
డాలీ ప్రభు ముక్క తెచ్చింది! అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్సై సార్ టీ తెప్పించారు. ప్రభు దాన్ని వాటేసుకుని స్తోత్రం, స్తోత్రం అన్నాడు.

ఇక్కడ కూడా అబద్ధం రాయడం ఎందుకు? వరసలో పెట్టకముందే, ప్రభు అటు తిరిగినప్పుడు ఆ ముక్క తీసి కాసేపు నా చంకలో పెట్టుకున్నాను. డాలీ తెచ్చింది నన్నే.

26 సెప్టెంబర్
మంగ్లికి చెప్పాను. చేతిలో చీపురు పడేసి తిట్టింది. దానికి సాయం చేసినవా, దాని బతుకుల మన్ను పోసినవా అంది. ఖమ్మంల గూడ చంకల పెట్టుకోనిస్తరా నిన్ను అంది. నిజమే.

సాయంత్రం ప్రభుకూ చెప్పాను. కొడతాడనుకున్నాను. అన్నా, నువ్వే మాన్పియ్యాలె, నాతోని కాదు అన్నాడు.

3 అక్టోబర్
మాన్పించడమంటే ఇదీ. వరసలో నా ముక్క కూడా ఉంటుంది, ప్రభుదీ ఉంటుంది. ప్రభుది తెస్తే వాడు ముద్దు చేసి ఉడికించిన లివర్ పెడతాడు. నాది తెస్తే నేను మొహం తిప్పుకోవాలి. మాట లేదు, చేయి వేయడం లేదు.

నాదే తెచ్చింది. నా బూటు మీద పెట్టి తోక ఊపింది. అటు తిరిగాను. చుట్టూ తిరిగి మళ్లీ నా ముందుకు వచ్చింది. ముక్క నోట పట్టుకుని మళ్లీ బూటు మీద పెట్టింది. నేను చూడలేదనుకుంది పాపం. మళ్లీ తిరిగాను. ఎన్నిసార్లో.

దాని తప్పేముంది? నేర్పింది నేను. సరిగ్గా చేసినందుకు శిక్ష వేస్తున్నాను. థూ, ఇదీ ఒక ఉద్యోగమేనా.

11 అక్టోబర్
నాది నోట పట్టుకుని సగం దూరం వచ్చి ఆగింది. నా మొహం చూసింది. ముక్క కింద వదిలేసి ప్రభు దగ్గరికి పోయింది.

మంగ్లి అన్నం పెట్టింది. తినలేదు.

30 అక్టోబర్
వారం నుంచి నా ముక్క ముట్టలేదు. ఇంక నువ్వు రాకున్నా నడుస్తదన్నా అన్నాడు ప్రభు. మంచి మాటే అన్నాడు.

12 నవంబర్, ఖమ్మం, ఉదయం 10
సెలవు పెట్టి వచ్చాను. కుక్కను తికమక పెట్టడానికి వరసలో వేరే మనిషి వాసన ఉన్న ముక్క ఒకటి ఉండాలి. ఎవరిస్తారని జడ్జి అడిగితే చేయెత్తాను. నీకేమన్న పిచ్చి లేసిందా అన్నారు ఎస్సై సార్. నన్ను దాటితే ఇంకెవరినైనా దాటుతుంది సార్ అన్నాను.

చెప్పింది అది. కావాల్సింది వేరే. డాలీ ఇంకొక్కసారి నా వాసన చూడాలని.

అదే రోజు, 11:30
డాలీ ఐదో ముక్క దగ్గర ఆగింది. నాది. ముక్కు ఆనించింది. చెవులు వెనక్కి వాలాయి. ప్రభు పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన. నేనూ మొక్కుకున్నాను. ఏమని మొక్కానో రాయను.

వదిలేసింది. ఎనిమిదోది తీసుకుపోయి ప్రభుకు ఇచ్చింది. పాస్.

ప్రభు పరిగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. డాలీ పక్కనే నిలబడి వాడి జేబు వైపు చూస్తోంది.

9 జనవరి 2007
బస్టాండ్ ఎదురుగా స్క్వాడ్ జీపు ఆగి ఉంది. వెనక డాలీ. గాలి నా వైపు నుంచి దాని వైపే వీస్తోంది. దాని ముక్కు పైకి లేచింది.

గబగబా రోడ్డు దాటి, నా వాసన దానికి అందకుండా గాలికి అవతలి వైపు పోయి నిలబడ్డాను.