రోడ్డు లేని ఊరికి రోడ్డు మీద నోటీసు

టాల్బర్ట్ కౌంటీ సూపర్‌వైజర్ల బోర్డు కార్యదర్శి గారి సముఖమునకు, అరిజోనా.

క్రిస్టల్ స్ప్రింగ్స్ కాలనీ నివాసి, స్కూలు బస్సు డ్రైవరుగా పనిచేసి విరమించిన నోరీన్ టిస్‌డేల్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నీటి సరఫరాకు, రోడ్ల నిర్వహణకు మా కాలనీలో స్థానిక మండలి ఏర్పాటు కోరుతూ మేము పెట్టుకున్న దరఖాస్తును తమ కార్యాలయం తిప్పి పంపుట – పునఃపరిశీలన గురించి.

1. మా కాలనీ పేరు క్రిస్టల్ స్ప్రింగ్స్, అనగా స్వచ్ఛమైన నీటి ఊటలు, అయినను, ఇచ్చట స్ప్రింగులు మా పరుపులలో తప్ప వేరెచ్చటను లేవని తమకు తెలియజేయడమైనది. స్థలాలు అమ్మిన కంపెనీ తన ప్రకటనలో జలపాతం బొమ్మ వేసింది. మేము నమ్మాము. బోరు వేయించినవారికి మొదట దుమ్ము, తరువాత రాయి, ఆ తరువాత ఇంకొంచెం గట్టి రాయి పడ్డాయి.

2. ఇన్నేళ్లూ బెటో అనే డ్రైవరు పక్క పట్నం నుండి ట్యాంకరుతో నీళ్లు తెచ్చి పోసేవాడు. కరువు కారణంగా బయటివారికి నీళ్లు అమ్మరాదని ఆ పట్నం వారు మొన్న వసంతంలో తీర్మానించారు. బెటో ఇంకా దూరం వెళ్లి తెస్తున్నాడు గాని, ఆ కరువులోనే ఒక్కరోజు కురిసిన కుండపోతకు మా వాగు దగ్గర దారి కోసుకుపోయి ట్యాంకరు ఇరుసు విరిగింది. అప్పటినుండి అతను హైవే పక్కన పశువుల గేటు దగ్గరే ఆగిపోతున్నాడు. అక్కడినుండి ఎవరి పికప్‌లో వారు చిన్న ట్యాంకులు పెట్టుకుని, కుదుపులకు సగం ఒలకబోసుకుంటూ ఇళ్లకు చేర్చుకుంటున్నాము. మా ఆయన డోయల్ పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. ఆయనకు ఒళ్లు కడగాలంటే నేను ఆకాశం వైపు కాదు, గేటు వైపు చూడాలి.

రోడ్డు గురించి తమ రోడ్ల శాఖను అడుగగా, అది ప్రైవేటు దారి అన్నారు. నీళ్ల గురించి అడుగగా, కౌంటీ నీళ్ల వ్యాపారం చేయదన్నారు. మండలి పెట్టుకోండి, అన్నీ అదే చూసుకుంటుందని ఇద్దరూ సలహా ఇచ్చారు. సంతకాల కోసం బయలుదేరాము.

3. కాలనీ నడిబొడ్డు నుండి హైవే దాకా ఉన్న పెద్ద స్థలం హార్లన్ ప్రూయిట్ గారిది. ఆయన సంతకం లేనిదే మండలికి నిబంధన ప్రకారం కావలసినంత భూమి లెక్కకు రాదు. ప్రభుత్వం కంట పడకుండా బ్రతకాలనే ఈ ఎడారికి వచ్చిన మనిషి ఆయన. నేను కాగితం పట్టుకుని వెళితే గేటు కూడా తీయలేదు.

“ఇవాళ పైపు అంటారు నోరీన్, రేపు ఆ పైపు పట్టుకునే పన్నులవాడు వస్తాడు. నాకొద్దు,” అన్నాడు.

“నువ్వు స్నానం చేసి ఎన్నాళ్లయింది హార్లన్?” అన్నాను.

“అది కూడా ప్రభుత్వానికి చెప్పాలా?” అని లోపలికి వెళ్లిపోయాడు.

జూన్‌లో ఆయన వెల్డింగు చేసుకుంటుండగా నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడింది. గాలికి కొట్టం అంటుకుంది. ఫైరింజను వచ్చింది, వాగు దగ్గర ఆగింది. అందులోని మనుషులు పారలు భుజాన వేసుకుని నడిచి వచ్చారు. నిప్పునార్పడానికి కాలినడకన వచ్చిన ఫైరింజను వారిని నేను చూడడం అదే ప్రథమం. అప్పటికి మంట ఇంటి చూరు దాకా వచ్చేసింది.

చుట్టుపక్కలవాళ్లం పికప్‌లతో వెళ్లాము. నా ట్యాంకులో ఉన్నవి అప్పుడే గేటు దగ్గర పట్టుకున్న నీళ్లు. దాచడమెందుకు, కుళాయి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాను. మంచం మీది డోయల్ గుర్తొచ్చారు. తరువాత తిప్పేశాను. అందరూ తిప్పేశారు. కొట్టం పోయింది గాని ఇల్లు దక్కింది, కంచర గాడిద దక్కింది. కాలనీ మొత్తానికి తాగడానికి చుక్క మిగలలేదు.

హార్లన్ మొహమంతా మసితో నా బండి దగ్గరికి వచ్చాడు. కృతజ్ఞతలేమీ చెప్పలేదు.

“ఆ కాగితం ఏదీ?” అన్నాడు.

“ఇప్పుడెందుకులే. రేపు చూద్దాం.”

“రేపటికి నా బుద్ధి మళ్లీ మొదటికొస్తుంది. ఇవ్వు.”

బండి బానెట్ మీదే సంతకం చేశాడు. దరఖాస్తులో ఒక పేజీ అపరిశుభ్రంగా ఉన్నదని తమ కార్యాలయం వ్రాసిన ఆక్షేపణకు ఇదియే మా సంజాయిషీ.

4. అటుపిమ్మట దరఖాస్తు తిరిగి వచ్చింది. మండలి విచారణ నోటీసును ప్రతిపాదిత ప్రాంతంలోని ప్రభుత్వ రహదారి మీద అంటించవలెననియు, అట్లు చేసినట్లు రుజువు లేదనియు కారణం చూపబడినది. నేను తమ కార్యాలయానికి వచ్చాను. కౌంటరులో ఉన్న అమ్మాయి చాలా మర్యాదస్తురాలు.

“మా దగ్గర ప్రభుత్వ రోడ్డు లేదమ్మా, హైవే మా హద్దుకు అవతలే ఉంది. ఉంటే ఇంత దూరం ఎందుకొస్తాం?” అన్నాను.

ఆమె రూలు మళ్లీ చదివింది. “అయితే ముందు రోడ్డు వేయించుకుని రండి.”

“ఎవరు వేస్తారు?”

“మండలి వేస్తుందండీ,” అని చెప్పి, నా మొహం చూసి జాలిపడి కూలర్ నుండి చల్లటి నీళ్లు ఇచ్చింది. తాగాను. తరువాత సిగ్గు విడిచి, నా సీసా కూడా నింపుకోవచ్చునా అని అడిగాను. నింపుకోమంది. ఆ ధార చప్పుడు వింటుంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. రహదారి లేనందున దరఖాస్తు తిరస్కరించవచ్చునేమో గాని, ఒక ముసలిది కౌంటీ గోడవైపు తిరిగి ఏడ్వరాదని నిబంధన ఏదియు నాకు కనబడలేదు.

5. తిరిగి వచ్చి సంగతి హార్లన్‌కు చెప్పాను. మర్నాడు వకీలు దగ్గరికి వెళ్లి, హైవేను ఆనుకుని తన స్థలంలోంచి ఒక చీలిక కౌంటీకి ప్రభుత్వ రహదారిగా ఉచితంగా రాసిచ్చాడు. ప్రభుత్వానికి అడుగు నేల ఇవ్వడం కన్నా పళ్లు పీకించుకోవడం మేలనే మనిషి, ఆ సంతకం చేసి వచ్చి రెండు రోజులు తన గేటుకు తాళం వేసుకున్నాడు. సదరు దస్తావేజు జతపరచడమైనది. ఆ చీలిక ఎక్కడికీ పోదు, ఎక్కడినుండీ రాదు. అయినను ఒక కాగితం అంటించడానికి చాలినంత రహదారియే.

కావున తాము ఆ నేలను స్వీకరించి, అందుమీద నోటీసు అంటించుటకు అనుమతించి, విచారణ జరిపించి, మండలిని మంజూరు చేయగలరని ప్రార్థన. మా గొంతులు ఇంకా ఎండిపోకముందే ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నోరీన్ టిస్‌డేల్

తా.క.: జవాబు పోస్టులో పంపకండి. దారి బాగాలేదని పోస్టువాడు మా వైపు రావడం మానేశాడు. మీరే ఒకసారి రండి. పశువుల గేటు దగ్గర కారు ఆపి హారన్ కొడితే ఎవరో ఒకరం వచ్చి తీసుకెళ్తాం. మధ్యాహ్నం భోజనానికి బీన్సు, మొక్కజొన్న రొట్టె పెడతాను. తాగడానికి నీళ్లు మాత్రం మీవి మీరే తెచ్చుకోండి బాబూ.