గొర్రెల సంగతి అడిగిన టర్కీ పిల్ల

మార్కాపురం హాస్టలు,
శుక్రవారం

నాయనకు, అమ్మకు మీ చిన్నబిడ్డ ఈశ్వరి దండం పెట్టి రాసుకునేది. నేను బాగానే ఉండాను. మీరు, అక్క, అవ్వ, మంద అంతా బాగుండారని తలుస్తాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆదివారం ఫోన్ అయిదు నిమిషాలే ఇస్తారు. వెనక లైన్లో వాళ్లు గొణుగుతుంటే ఏం చెప్పేది? నాయనా, నువ్వేమో గొర్రెలతో కొండ మీద సిగ్నల్ లేనికాడ ఉంటావు. అందుకే రాస్తుండా. అక్కతో చదివించుకో.

నాయనా, ఈ బడితో నాకు విసుగు పుట్టింది. పాఠాలతో కాదు, క్లబ్బులతో. సోమవారం సైన్సు క్లబ్బు, బుధవారం మొక్కల క్లబ్బు, గురువారం ఇంగ్లీషు క్లబ్బు. బట్టలు ఉతుక్కోడానికి కూడా ఒక క్లబ్బు పెడితే బాగుండు. ఎండకు రేకులు కాలిపోతుండాయి. సాంబారులో పప్పు వెతుక్కోవాలి. అయినా తింటుండా, అమ్మకు దిగులు పడొద్దని చెప్పు.

ఇప్పుడు టర్కీ దేశంలో కొండల్లో ఉండే ఒక బడితో కలిసి ప్రాజెక్టంట. వీడియోలో ఒకరి ఊరి గురించి ఒకరు చెప్పుకోవాలంట. నెల నుంచీ అదే గోల. మాట్లాడేది మా క్లాసు కీర్తన. వాళ్ల నాయనకు పలకల ఫ్యాక్టరీ ఉంది. నాకు ఇంగ్లీషు రాదని మేడం కెమెరా వైరు పట్టుకోమన్నది.

మంగళవారం ఆ వీడియో. కీర్తన గుడి, పలకలు, కంప్యూటర్లు అన్నీ చూపించింది. ఒక ఫోటోలో రోడ్డు మీద గొర్రెలు పోతుండాయి. అది చూసి అవతల ఎర్ర స్కార్ఫు పిల్ల లేచి ఏందో అడిగింది. మేడం మాకు తెలుగులో చెప్పింది, గొర్రెకు ఎడమపక్క కడుపు ఉబ్బితే మీరేం చేస్తారని అడుగుతుందని. వాళ్లది పొద్దుననే ఒకటి చచ్చిపోయిందంట. కీర్తన డాక్టరును పిలుస్తామన్నది. డాక్టరు రావాలంటే మాకు ఒక రోజు పడుతుందని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

నాకు ఒళ్లు మండింది. నెల రోజులు తయారైనారు, ఒక్కరికీ ఇది తెలియదా? వైరు పక్కపిల్ల చేతికిచ్చి ముందుకు పోయినా. గొర్రెకు నూనె తాపడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకేం తెలుసు? కీర్తననే గొర్రెను చేసి వంగోబెట్టినా. చేతులు బల్ల మీద పెట్టించి, ముందుకాళ్లు ఎత్తున ఉండాలని చూపించినా. "ఆయిల్, మౌత్, స్లో" అన్నా. ఎడమ డొక్క నిమిరి, నడిపించి చూపినా. వాళ్లు మొదట నవ్వినారు, తర్వాత అందరూ రాసుకున్నారు.

మేడం మెచ్చుకుంది అనుకుంటివా? మెచ్చుకుని ఇంకో క్లబ్బు పెట్టింది. పశువుల క్లబ్బంట, లీడరు నేనంట. సోమవారానికల్లా ఇంగ్లీషులో రిపోర్టు రాయాల. నాకు ఆదివారం కూడా పోయింది. ఆ పిల్ల మళ్లీ అడిగి పంపింది. చిన్న గొర్రెపిల్లకైతే నూనె ఎంత పోయాల, తర్వాత ఎప్పుడు మేపాల? నువ్వు చెప్పు, అక్క రాసి పంపుతుంది. దాంతో పాటు కొంచెం పల్లీల పొడి కూడా.

ఒక మాట నాయనా. నన్ను చేర్పించినరోజు నాయనేం చేస్తాడని క్లర్కు అడిగితే, నేను వ్యవసాయం అని చెప్పినా. నువ్వు పక్కనే నిలబడి విన్నావు. మనకు సెంటు భూమి లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నిన్న ఆఫీసుకు పోయి మార్చమంటే ఆయన విసుక్కున్నాడు. కారణం రాసిమ్మన్నాడు. తప్పు చెప్పినానని రాసిచ్చినా. ఇప్పుడు రిజిస్టరులో నీ పేరు పక్కన గొర్రెల పెంపకం అని ఉంది.

అవ్వకు, పెద్దనాయనకు నా దండాలు చెప్పు. దూరాన్నుంచే నా నెత్తిన చెయ్యి పెట్టండి.

మీ బిడ్డ,
ఈశ్వరి