సర్కండాలో చద్దన్నం దుకాణం

గౌరవనీయులైన బావగారి సముఖానికి,

పోటీదారులతో కొట్లాడక కొత్త బజారు సృష్టించుకోమన్న తమ సలహాను శిరసావహించి, గోల్ బజార్‌లోని నా ఇడ్లీ బండిని తమకు అప్పగించి, నదికి ఈవలి సర్కండా పేటలో చద్దన్నం దుకాణం తెరిచిన సంగతి తమకు విదితమే. పోటీదారు ఒక్కరూ లేరు. కారణం ఆలస్యంగా తెలిసింది. ఇక్కడివారు చద్దన్నాన్ని బాసీ అంటారు. ప్రతి ఇంట్లోనూ రాత్రే నానబెట్టుకుంటారు.

"మా అన్న సెప్పాడని బండి ఇచ్చీసినావు! ఇంటింటా ఉన్నదాన్ని ఎవుడు కొంటాడేటి?" అని తమ చెల్లెలు చిన్నమ్మి అడుగుతోంది. మిగిలినదంతా మూడు పూటలా మేమే తింటున్నాము. ఏడాది ఒప్పందం తీరేదాకా దుకాణం యజమాని అద్దె వదలడు.

తమ బండికి పిండి రుబ్బే మనిషి కావాలని విన్నాను. ఆ కొలువుకు ఎందరు పోటీకి వచ్చినా, ఈసారి తప్పుకోకుండా పోరాడగలనని మనవి.

ఇట్లు,
తమ చెల్లెలి భర్త