మిరియం బుగ్గకు బ్రష్షు

సోమవారం, పొద్దున

ఈ డైరీ మా అమ్మాయి కొనిచ్చింది. "నీ దిగుళ్ళన్నీ ఫోన్లో నాకు చెప్పకుండా ఇందులో రాసుకోమ్మా" అంది. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే ఎవరు చూడొచ్చారు?

శుభారంభం! మిరియం బుగ్గలో బ్రష్షు తిప్పి, దాని లాలాజలం పరిశోధన చేసేవాళ్ళకు పంపిస్తాను. ఈ వారంలోనే. ఒట్టు!

మిరియం మా ఆడ టెర్రియర్ కుక్క. నల్లగా, గుండ్రంగా పుట్టింది. బొంగరం దాని తమ్ముడు. ఇద్దరూ ఒకే కాన్పు. ఏడాది నిండేసరికి బొంగరానికి నడక తూలింది. ఇప్పుడు గిన్నె దగ్గరికి వెళ్ళాలన్నా గోడకు ఆనుకుంటూ వెళతాడు. వంశంలో వచ్చే జబ్బట. పైకి బాగున్న కుక్కలోనూ దాగి ఉంటుందట. తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉంటే పిల్లల్లో బయటపడుతుందట.

కుక్కల్ని పెంచేవాళ్ళ సమావేశంలో డాక్టరమ్మ "పరిశోధనకు ఎవరు సాయం చేస్తారు?" అనగానే మొదట చెయ్యెత్తింది నేనే. తరువాత ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది. ఇంట్లో స్టవ్ ఆర్పానో లేదోనన్న బెంగలో నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. (ఆర్పాను.)

మిరియం ఎదకు వచ్చేలోపు సంగతి తేలాలి. వెనక సందులో దర్జీ తన మగకుక్క బటన్‌తో కలుపుదామని ఒకటే తొందర.

ఆవిడ ఇచ్చిన బ్రష్షు కవరు మీద రాసుంది: తిప్పే ముందు గంటసేపు కుక్కకు ఏమీ పెట్టకూడదు. అంతే. ఇదేమైనా బ్రహ్మవిద్యా?

మంగళవారం

అరగంట ఏమీ పెట్టలేదు. మిరియం నన్ను చూసింది. వారం రోజులుగా పస్తున్నదానిలా చూసింది!

బిస్కెట్టు పెట్టాను. ఒకటే. అన్యాయం కాకూడదని బొంగరానికొకటి. వాళ్ళకు తోడుగా నేనొకటి.

రేపు తప్పకుండా.

బుధవారం

మబ్బు. తడిగాలికి బ్రష్షు ఆరదేమో. ఆరకపోతే బూజు పడుతుందేమో. ఆ బూజు చూసి మిరియానికి కొత్త జబ్బేదో ఉందనుకుంటారేమో.

వద్దు.

గురువారం

అమ్మాయి ఫోను.

"పంపావా అమ్మా?"

"వానే, ఎట్లా పంపను?"

"నేనుండేదీ ఈ ఊళ్ళోనే. బట్టలు ఆరేసి వస్తున్నా."

ఫోన్ పెట్టేశాను.

ఇక్కడైనా నిజం రాయాలి. వానా కాదు, బిస్కెట్టూ కాదు. మిరియంలో ఆ జబ్బు దాగి ఉందంటే? ఇక పిల్లలు వద్దంటారు. నా పెళ్ళయిన కొత్తలో ఈ గడప తొక్కిన కుక్కపిల్ల వంశం మిరియంతో ఆఖరు. చూడకపోతే లేనట్టే కదా! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. ఇన్నేళ్ళు కుక్కల్ని పెంచి, చివరికి నాకు పిల్లి బుద్ధి పట్టింది.

శుక్రవారం

చేశాను!!

బిస్కెట్ల డబ్బా బీరువా మీద పెట్టి, నేను స్నానాల గదిలో కూర్చున్నాను. మిరియం తలుపు గీరింది. గుండె రాయి చేసుకున్నాను. గంట! బ్రష్షు కొన గరుగ్గా ఉంది. పిచ్చితల్లి బుగ్గ గీరుకుంటుందని కాస్త మెత్తబరిచి తిప్పాను. ఆరబెట్టాను. కవర్లో పెట్టి పోస్టు డబ్బాలో వేశాను. లోపల పడిందో లేదోనని చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి ఇరుక్కుంది. పోస్ట్‌మన్ వచ్చి తీశాడు.

అయినా సరే, చేశాను!

రెండు వారాల తరువాత, మంగళవారం

పరిశోధన చేసే చోటి నుంచి ఒక అమ్మాయి ఫోను.

"మామ్మగారూ, మీ బ్రష్షు మీద కుక్క కన్నా మనిషి లాలాజలమే ఎక్కువుందండీ. ఎవరైనా నోట్లో పెట్టుకున్నారా?"

"మెత్తబరిచానమ్మా. సూదిలోకి దారం ఎక్కించేముందు తడుపుతాం చూడు, అట్లా."

అవతల ఇద్దరు ముగ్గురు నవ్వడం వినిపించింది.

"పోనీ, నాకేమైనా జబ్బు కనబడిందా?"

"మనుషుల జబ్బులు మేం చూడమండీ. ఇంకో బ్రష్షు పంపిస్తాం."

మా అమ్మాయికి చెబితే, "నీ జబ్బుకు పరీక్షెందుకమ్మా? అమ్మమ్మకుంది, నీకుంది. నేను రోజూ సగం దారిలోంచి వెనక్కొచ్చి స్టవ్ చూసుకుంటున్నా" అంది.

పాపం. బంగారం పెట్టలేకపోయాను కానీ, ఇది మాత్రం పూర్తిగా ఇచ్చాను.

గురువారం

కొత్త బ్రష్షు వచ్చింది. బీరువా మీద, డబ్బా పక్కన పడేశాను. నా వల్ల కాదు. నాది ఆరంభశూరత్వం అని ఊరికే అన్నారా! కుక్క తోక వంకర అంటారు. మా ఇంట్లో తోకలు రెండూ నిటారుగానే ఉన్నాయి. వంకరంతా నాలోనే ఉంది.

డబ్బా మాత్రం కిందికి దించాను.

శనివారం

మిరియం ఎదకొచ్చింది. నేను నోరు విప్పందే దర్జీ బటన్‌ను తీసుకుని గేటు దగ్గరికొచ్చాడు.

"పిన్నిగారూ, తలుపు తియ్యండి! పెళ్ళికొడుకొచ్చాడు!"

"పరీక్ష కాలేదు నాయనా."

"మీరూ నేనూ పరీక్షలు చేయించుకునే పుట్టామా? మిరియాన్ని చూడండి, ఎంత చలాకీగా ఉందో!"

నిజమే అనిపించింది. గడియ మీద చెయ్యి వేశాను.

అంతలో బటన్ మొరిగింది. ఆడుకోవడానికి ఎవరో వచ్చారని బొంగరం లోపలి నుంచి పరుగున వచ్చాడు. వరండాలో పడ్డాడు. లేచాడు. మెట్టు మీద పడ్డాడు. పడ్డా తోక ఊపడం ఆపలేదు. వాడికి పడటం అలవాటే. చూడటం నాకే అలవాటు కాలేదు.

దర్జీ బటన్ గొలుసు దగ్గరికి లాక్కున్నాడు.

గడియ మీద నుంచి చెయ్యి తీశాను. "ఈసారికి వద్దు నాయనా."

"అట్లాగే పిన్నిగారూ."

"బటన్‌కూ బ్రష్షు తిప్పించు."

"తిప్పిస్తా. మీరేమైనా మెత్తబరిచిస్తారా?"

సందు సందంతా తెలిసిపోయింది!

సోమవారం

ధైర్యం కూడగట్టుకుని పరిశోధన వాళ్ళకు నేనే ఫోన్ చేశాను. "అమ్మాయీ, మిరియంలో ఉందని తేలితే ఇక పిల్లలు వద్దంటారా?"

"ఎవరన్నారండీ? ఆ జబ్బు అసలు లేని మగకుక్కతో కలపొచ్చు. పిల్లలు తూలవు. ఆ రోజు డాక్టరమ్మ అంతసేపు చెప్పింది అదేగా!"

నా మనసు స్టవ్ దగ్గరున్న రోజు.

శుభారంభం, మళ్ళీ! నా నోటికి తువ్వాలు కట్టుకున్నాను, గట్టిగా, వెనక రెండు ముళ్ళు. మిరియం నన్ను చూసి దొంగనుకుని మొరిగింది. బొంగరం వాసన చూసి, నేనేనని తెలుసుకుని, వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. పడటమంటే నిజంగానే పడ్డాడు.

ఇంకా అరగంట ఆగాలి. ముగ్గురం గడియారం కింద కూర్చున్నాం.

స్టవ్ ఆర్పానో లేదో గుర్తు రావడం లేదు. చూద్దామంటే దారిలోనే బిస్కెట్ల డబ్బా.

లేవను.